వేడినీళ్ల పైపులోకి చన్నీళ్లు

మా మామగారి కుడిచెయ్యి కాలిన సంగతి అన్నం వడ్డిస్తుంటే నా కంట పడింది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా ఎర్రగా కందిపోయి, రెండుచోట్ల బొబ్బలు లేచాయి. ఆయన మాత్రం ఎడమచేత్తో చెంచా పట్టుకుని, ఎప్పటిలాగే నెమ్మదిగా పప్పన్నం తింటున్నారు.

“మామయ్యగారూ, చేతికేమైంది?” అన్నాను గిన్నె కింద పెట్టేసి.

ఆయన తల వంచి చూసుకున్నారు. ఆ చెయ్యి తనదా కాదా అన్నట్టు కాసేపు అలాగే చూశారు.

“స్నానం చేస్తుంటే నీళ్లు కాస్త వేడిగా వచ్చాయమ్మా. ఏం లేదులే.”

“కాస్త వేడా? బొబ్బలెక్కాయి చూడండి.”

“నొప్పి లేదు,” అన్నారాయన.

నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. అంతకు మూడు నెలల ముందు, చలికాలంలో, ఆయనకు కుడిపక్క పక్షవాతం వచ్చింది. చిన్నదేనన్నారు డాక్టర్లు. పదిరోజుల్లో ఇంటికి వచ్చారు. నెల తిరగకుండా చేతికర్ర పట్టుకుని హాల్లో నడిచారు. మాట కొంచెం ముద్దగా వచ్చినా మనిషి దక్కారు, అదే చాలనుకున్నాం. కుడిచెయ్యి కదిలేది, తేలికపాటి వస్తువు పట్టుకునేది కూడా. కాని దానికి వేడీ చల్లనా తెలియదు. ఆ సంగతి డాక్టరు చెప్పారు. టీ గ్లాసు ఆ చేతికి ఇవ్వొద్దన్నారు. మేం టీ గ్లాసు దగ్గరే జాగ్రత్తపడ్డాం. స్నానాల గది గురించి ఎవరమూ ఆలోచించలేదు.

మాది పటేల్‌గూడలో మేడ ఇల్లు. కింద మామగారి గది, హాలు, వంటిల్లు. పైన మేము. మామగారు కృష్ణాజిల్లా నుంచి తన పెళ్లికి ముందే ఇక్కడి పెద్ద కార్ఖానాలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యేదాకా అక్కడే చేశారు. బాయిలర్ పైపుల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెంచుకుంటూపోయి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుందేమో చూడడం ఆయన పని. ఆయన సరేనన్నాకే ఆ పైపు కార్ఖానా గేటు దాటేది. మా అత్తగారు పోయి ఆరేళ్లయింది. మా ఆయన పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో చేస్తారు. నేను మందుల ఫ్యాక్టరీ లేబొరేటరీలో చేస్తాను, అప్పుడు మామగారి కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

ఆ ముందు ఏడాది మా ఆయన మిద్దె మీద ప్రెషర్ పంపు పెట్టించారు. ట్యాంకు పై అంతస్తుకు మరీ దగ్గరగా ఉండడం వల్ల మా షవర్‌లో నీళ్లు జారినట్టు వచ్చేవి. పంపు పెట్టాక ఇంట్లో చన్నీళ్ల కుళాయిలన్నీ జోరందుకున్నాయి. వేడినీళ్లు మాత్రం సోలార్ హీటరు నుంచి, వాటంతటవే కిందికి దిగి వచ్చేవి. వేడినీళ్లు సన్నగా, చన్నీళ్లు ధారగా వచ్చేసరికి నీళ్లు కలుపుకోవడానికి రోజూ తంటాలు పడేవాళ్లం. వేడి కుళాయి మొత్తం తిప్పి, చల్లది వెంట్రుకంత తెరిస్తే ఒక క్షణం సరిపోయేవి. ఎవరైనా వంటింట్లో కుళాయి తిప్పితే మళ్లీ మొదటికి. అయినా అలవాటుపడ్డాం. ఇంట్లో ఇలాంటివి ఎన్ని ఉండవు!

ఆ రోజు ఏం జరిగిందో మామగారే తర్వాత చెప్పారు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో హ్యాండ్ షవర్ పట్టుకుని, కుడిచెయ్యి చాపి సబ్బు కడుక్కుంటున్నారు. అదే సమయానికి కరెంటు పోయింది. పంపు ఆగింది. చన్నీళ్లు నీరసించాయి, మార్చి నెల ఎండకు కాగిన సోలార్ నీళ్లు సన్నగానైనా వస్తూనే ఉన్నాయి. కుడిచేతి మీద పడ్డంతసేపూ ఆయనకు తెలియలేదు. ఎడమ పాదం మీద పడ్డాక ఉలిక్కిపడి షవర్ వదిలేశారు.

“ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా నాన్నా!” అన్నారు మా ఆయన, మందు రాస్తూ.

“చెబితే మళ్లీ నువ్వు లోపలికి వస్తావు,” అన్నారు మామగారు.

అదీ ఆయన బాధ. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో కొడుకే స్నానం చేయించేవాడు. తర్వాత మా ఆయన గోడకు పట్టుకునే కడ్డీ బిగించి, కుర్చీ వేసి, బటన్ ఉన్న హ్యాండ్ షవర్ పెట్టిస్తే, ఒక ఉదయం మామగారు తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కరే స్నానం చేసి బయటికి వచ్చారు. తడి జుట్టు దువ్వుకుని హాల్లో కూర్చున్న ఆయన్ని చూస్తే పక్షవాతం సగం తగ్గినట్టనిపించింది. ఇప్పుడు అదంతా పోయింది. మళ్లీ బకెట్, చెంబు, కొడుకు.

మా ఆయనకు పొద్దుటి షిఫ్టు ఉన్న వారం ఇంకా కష్టం. ఆయన ఆరింటికల్లా బస్సెక్కేవారు. మామగారు మధ్యాహ్నం మూడింటి దాకా స్నానం లేకుండా కూర్చునేవారు. నేను బకెట్లో నీళ్లు కలిపి, నా చెయ్యి పెట్టి చూసి, “సరిగ్గా ఉన్నాయి మామయ్యగారూ, మీరు మెల్లగా పోసుకోండి, నేను బయటే ఉంటాను,” అనేదాన్ని. కుర్చీలోంచి వంగి చెంబుతో ముంచుకోవడం ఆయనకు చాతకాదు. రెండుసార్లు ప్రయత్నించారు. రెండోసారి చెంబు జారి గట్టిగా చప్పుడైంది. నేను తలుపు కొట్టి “మామయ్యగారూ!” అని అరిచాను.

“రావద్దమ్మా, రావద్దు! బాగానే ఉన్నాను!” అని ఆయన కంగారుగా అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. లోపలికి వెళ్లలేను, బయట నిలబడలేను. ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టారు, “ఇవాళ ఒంట్లో బాగాలేదు, రేపు చేస్తాలే,” అనడం. వారంలో రెండు స్నానాలకు దిగింది. ఎవరైనా పలకరించడానికి వస్తే గదిలోంచి బయటికి వచ్చేవారు కాదు.

మా ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. ఒక ఆదివారం స్నానాలగదిలో చాలాసేపు గడిపి, వేడి కుళాయి ఎంత తిప్పాలో, చల్లది ఎంత తిప్పాలో చూసి, రెండింటి పక్కనా గోడ మీద మార్కరుతో గీతలు పెట్టారు.

“నాన్నా, ఈ రెండు కుళాయిలూ నువ్వు ముట్టుకోకు. నీ స్నానానికి ముందు మేమే గీతల దాకా తిప్పి పెడతాం, రాత్రి పడుకునేముందు కట్టేస్తాం. కరెంటు పోతే షవర్ కింద పెట్టెయ్. నీకు కావాల్సినప్పుడు షవర్ మీద బటన్ నొక్కు, అయిపోయాక వదిలెయ్. అంతే.”

మా ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే. బడిలో, ఫ్యాక్టరీలో ఇక్కడి మాటే మాట్లాడినా తండ్రి దగ్గర మాత్రం కృష్ణాజిల్లా యాస తన్నుకుని వస్తుంది.

మామగారికి ఆ ఏర్పాటు నచ్చింది. కుడిచేత్తో కుళాయి తిప్పే పని లేదు. మళ్లీ ఒక్కరే స్నానానికి వెళ్లారు. నేను తలుపు బయట నిలబడి రెండు నిమిషాలకోసారి “మామయ్యగారూ?” అనేదాన్ని. లోపలి నుంచి “ఆఁ” అనేవారు. మొదటి రోజు బాగానే గడిచింది.

మర్నాటి నుంచి ఇంట్లో వేడినీళ్లు పోయాయి. పైన చూస్తే మండుటెండ. సోలార్ కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్లు. సాయంత్రానికి అవీ లేవు. ప్రెషర్ పంపు మాత్రం ఎవరూ కుళాయి తిప్పకపోయినా గుర్రుమంటూ తిరుగుతూనే ఉండేది. పొద్దున నింపిన ట్యాంకు మధ్యాహ్నానికల్లా ఖాళీ. రోజుకు రెండుసార్లు బోరు మోటారు వెయ్యాల్సి వచ్చింది. సోలార్ వాళ్లు వచ్చి గొట్టాలు తుడిచి, లోపమేమీ లేదన్నారు. పంపు షాపతను వచ్చి స్విచ్చి మార్చి, ఇక చూడక్కర్లేదన్నాడు. మర్నాడు మళ్లీ అదే గుర్రు. మామగారు గోరువెచ్చని నీళ్లతో వణుకుతూ బయటికి వచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఆ వణుకు చూసి మళ్లీ ఏమొస్తుందోనని నాకు భయం.

ఇవన్నీ వేటికవే వేరు వేరు కష్టాలనుకున్నాను. అన్నిటికీ మూలం ఒకటేనని పక్కింటి పెద్దమ్మ వచ్చి పోట్లాడేదాకా తెలియలేదు.

పెద్దమ్మవాళ్లది ఈ ఊరే. మా కాలనీ ఉన్నచోట ఒకప్పుడు వాళ్ల చేనుండేదట. ఆమె పొలం పనులు చేసిన మనిషి. ఇప్పుడు కొడుకు ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. వాళ్లది ఒక్క అంతస్తు మిద్దె ఇల్లు, మా గోడకు ఆనుకునే ఉంటుంది. ఏడాది కారానికి సరిపడా మిరపకాయలు ఆమె ఆ మిద్దె మీదే ఎండబోస్తుంది. ఆ రోజు పదిన్నరకు మా గేటు దగ్గరికి వచ్చి, కొంగులో తడిసిన మిరపకాయలు తెచ్చి నా ముందు కుమ్మరించింది.

“ఏంది బిడ్డా గిది? మూడొద్దుల సంది సూస్తున్న. మీ మిద్దె మీదికెల్లి నీళ్లు గారి నా మిరపకాయలన్నీ తడుస్తున్నయి. బూజు పడితే యాడాదంత ఏం తినాలె మేము?”

నాకు సిగ్గేసింది. “పెద్దమ్మా, నిజంగా మాకు తెలియదు. ట్యాంకు పొంగుతోందేమో. ఇప్పుడే చూస్తాను.”

“ట్యాంకు గాదు. ట్యాంకు పొంగితే నాకు తెల్వదా? ఆ ఉడుకునీళ్ల డబ్బ ఉన్నది సూడు, దాని నెత్తిమీద సన్న పైపు. దాంట్లకెల్లి గారుతున్నయి.”

సోలార్ ట్యాంకు మీద గాలి పోవడానికి నిలువుగా ఒక పైపు ఉంటుంది. దాని కొస వంపు తిరిగి పెద్దమ్మ మిద్దె వైపే ఉంది. నేను క్షమించమని అడిగాను. ఆమె ఇంకా కోపంలోనే ఉంది.

“పావురాలు రాకుండ నేను పొద్దుందాక ఆడనే కూసుంట గద. అన్నీ సూసిన. మీ పెద్దసారు తానం చేసి ఎల్లినంక జెరసేపటికి షురువైతది. మొదటి దినమైతే నా చెయ్యి మీద పడ్డయి. మొదాలు ఉడుకునీళ్లు. ఎనుకకు సల్లటియి. సల్లటియి ఆగుతనే లేవు!”

హాల్లో పడుకున్న మామగారు ఆ మాట విన్నారు. దుప్పటి తీసి లేచి కూర్చున్నారు.

“అమ్మాయ్, ఆవిణ్ణి ఇటు రమ్మను,” అన్నారు.

పెద్దమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. మంచానపడ్డ మనిషని కాబోలు, గొంతు తగ్గించింది. “ఎట్లున్నవు సారూ?”

“బాగానే ఉన్నానమ్మా. మీరు ఇప్పుడన్నది మళ్లీ ఒకసారి చెప్పండి. మొదట వేడినీళ్లా?”

“ఆఁ. ఉడుకుయి. తర్వాత సల్లటియి.”

“నేను స్నానం చేసి వచ్చాకా?”

“నువ్వు ఎల్లినంకనే. పొద్దుగాల గిట్ల ఏం ఉండదు.”

మామగారు నావైపు తిరిగారు. “కాగితం, పెన్సిలు తే అమ్మా.”

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఒక వస్తువు కావాలని అడగడం అదే మొదటిసారి. పరుగెత్తి తెచ్చాను. ఎడమచేత్తో వంకరటింకరగా రెండు డబ్బాలు గీశారు, ఒక్కోదాని నుంచి ఒక్కో పైపు కిందికి. రెండు పైపులూ ఒకచోట కలిశాయి. కలిసినచోట షవర్. షవర్ మూతి మీద అడ్డంగా గీత కొట్టారు.

“ఇదిగో, బటన్ వదిలేస్తే ఇక్కడ మూసుకుంటుంది. కాని వెనకాల రెండు కుళాయిలూ తెరిచే ఉన్నాయి, మనవాడు రాత్రిదాకా అలాగే ఉంచమన్నాడుగా. ఇటుపక్క చన్నీళ్లను పంపు తోస్తోంది. అటుపక్క వేడినీళ్లకు తోసేవాళ్లు లేరు. చన్నీళ్లు బయటికి పోయే దారి లేక వేడినీళ్ల పైపులోకి దూరి పైకి ఎక్కుతున్నాయి. పైన ఉన్న వేడినీళ్లను ఈ గాలి పైపులోంచి బయటికి నెట్టేస్తున్నాయి. అందుకే ఈవిడ చేతి మీద ముందు వేడివి పడ్డాయి.”

ఆయన అంతసేపు మాట్లాడి మూడు నెలలు దాటింది. మాట ముద్దగానే ఉంది, అయినా ఒక్కటి కూడా నాకు అర్థం కాకుండా పోలేదు.

“ఇప్పుడు కారుతోందా?” అని పెద్దమ్మను అడిగారు.

“నేనొచ్చేటప్పుడు గారుతున్నది సారూ.”

“అయితే మీరు మీ మిద్దె ఎక్కండి. అమ్మాయ్, నువ్వు స్నానాలగదిలోకి వెళ్లు. నేను చెప్పగానే రెండు కుళాయిలూ కట్టెయ్యి.”

కర్ర పట్టుకుని ఆయన వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పెద్దమ్మ తన మిద్దె మీది నుంచి “గారుతున్నది!” అని కేకేసింది. మామగారు నాకు చెప్పారు. మా ఆయన గీతలు పెట్టిన రెండు కుళాయిలనూ గట్టిగా బిగించాను. మిద్దె మీద పంపు గుర్రుమనడం ఠక్కున ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. అన్ని రోజులుగా ఆ చప్పుడు ఎంతగా నా తలకెక్కిందో అది ఆగాక తెలిసింది.

ఒకటి రెండు నిమిషాలు గడిచాయి.

“ఆగినయి సారూ! నీళ్లాగినయి!”

“ఇప్పుడు తెరువమ్మా!”

తెరిచాను. పంపు మళ్లీ గుర్రుమంది. కాసేపటికి పైనుంచి, “మల్ల షురువైనయి! బందువెట్టుండ్రి, నా మిరపకాయలు!” అని పెద్దమ్మ మొత్తుకుంది.

నేను కుళాయిలు కట్టేసి వరండాలోకి వచ్చేసరికి మామగారు నవ్వుతున్నారు. ఆయన మూతి ఇంకా ఒకపక్కకే లాగేది, ఆ పక్కకే నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. పైకి కనపడకుండా వంటింట్లోకి వెళ్లి పెద్దమ్మ కోసం టీ పెట్టాను.

సాయంత్రం మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాక కాగితం చూపించాం. ఆయన దాన్ని చాలాసేపు చూసి, “అంటే ఇదంతా నేను చేసిందా?” అన్నారు.

“నా కోసం చేశావు. తెలియక చేశావు,” అన్నారు మామగారు. “ఇప్పుడు పని తెలిసిన మనిషిని పిలువు. కుళాయిలు కట్టెయ్యడం సగం పనే. కరెంటు పోతే కాలిన చెయ్యే మళ్లీ కాలుతుంది.”

పని తెలిసిన మనిషిని పెద్దమ్మే పిలిపించింది. లక్డారంలో ఉండే ఆమె ఆడబిడ్డ కొడుకు, యాభైకి దగ్గర పడ్డ మనిషి. చాలాకాలం ఒక ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర చేసి, తర్వాత సొంతంగా ప్లంబింగ్ పని మొదలుపెట్టాడట. వచ్చీ రాగానే మిద్దె ఎక్కి పైపులు చేత్తో తడుముకుంటూ దిగి, మామగారి కాగితం చూశాడు.

“గిది ఎవరు గీసిండ్రు?”

“మా మామగారు,” అన్నాను.

“పెద్దసారు, మీరు గీసింది కరెక్టున్నది. ఇగ నాకేం పని మిగిలింది?” అని మామగారి కుర్చీ పక్కనే కింద కూర్చున్నాడు. ఏ కార్ఖానా, అందులో ఏ విభాగం, ఎన్నేళ్లు చేశారని ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత అతను మా ఆయన వైపు తిరిగి, “సార్, చన్నీళ్లకు పంపు జోరున్నది, ఉడుకునీళ్లకు లేదు. రెండూ ఒక్క తీరుగ రావాలె. గంతే ముచ్చట,” అన్నాడు.

“వేడినీళ్లకు కూడా పంపు పెడితే?” అన్నారు మా ఆయన.

“పెట్టొచ్చు. కానీ కరెంటు పోతే? ఒకటి ముందుగాల, ఒకటి ఎనుక ఆగుతది. పెద్దసారుకు కుడిచేతికి వేడి తెల్వదంటున్నరు. నన్నడిగితే తానాల రూములకు పంపే వద్దు. చన్నీళ్లు ట్యాంకు నుంచి సీదా ఇద్దాం. ఉడుకునీళ్ల పైపు ఎంత మందమో గిది గూడ గంతే. రెండూ మిద్దె మీదికెల్లే దిగుతయి, రెండిటికీ ఒక్కటే జోరు. పంపును వాషింగ్ మిషన్‌కు, బయట కుళాయికి పెట్టుకోండ్రి.”

“అప్పుడు పైన మా షవర్?”

ప్లంబరు నవ్వాడు. “పైన మీకు బకెటే సార్.”

మా ఆయన నా మొహం చూశారు. “నాకు బకెట్ చాలు,” అన్నారు. ఏడాది క్రితం ఆ పంపు కోసం ఆయన ఎన్ని షాపులు తిరిగారో నాకు తెలుసు.

రెండు రోజులు పని నడిచింది. చన్నీళ్లకు ట్యాంకు నుంచి వేరే పైపు దింపాడు. వేడినీళ్ల పైపుకూ చన్నీళ్ల పైపుకూ స్నానాలగది బయట ఒక్కో వాల్వు పెట్టాడు. అవి నీళ్లను ముందుకే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. “ఇగ ఎవరన్న మరిచిపోయి కుళాయిలు తెరిచి పెట్టినా ఏం పరేషాన్ లేదు,” అన్నాడు. పాత కుళాయిల జాగాలో కొత్త రకం మిక్సర్ బిగించాడు. దానికి ఒక పిడి మీద వేడి అంకెలుంటాయి. ఎంత వేడి కావాలో పెట్టుకుంటే అదే రెండు నీళ్లనూ కలుపుతుంది. చన్నీళ్లు రావడం ఆగితే వేడినీళ్లను కూడా ఆపేస్తుంది. అలాంటివి చాలావాటికి నీళ్ల జోరు ఎక్కువ కావాలట. మా ట్యాంకు ఎత్తుకు పనిచేసేది కావాలని మొదట తెచ్చినదాన్ని షాపులో మార్చుకుని వచ్చాడు. పిడి ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటి తిరగకుండా లోపల ఒక అడ్డు కూడా పెట్టాడు.

ఆదివారం పొద్దున పని అయిపోయింది. అతను సామాన్లు సర్దుకుంటూ, “చూసుకోండ్రి మేడం,” అన్నాడు. నేను ఊరికే చూసి ఊరుకోలేదు. రోజంతా కొలతలతో పనిచేసేదాన్ని. థర్మామీటరు కొని ఉంచుకున్నాను. బకెట్లో పెట్టి, హ్యాండ్ షవర్ తెరిచి దాని మీద పట్టాను. అంకె పెరిగి పెరిగి ముప్పై ఎనిమిది దగ్గర నిలబడింది.

“వంటింట్లో కుళాయి తిప్పండి!” అని అరిచాను. మా ఆయన తిప్పారు. అంకె కదల్లేదు.

“మిషన్ వెయ్యండి!” వేశారు. నీళ్లు కొంచెం సన్నబడ్డాయి, వేడి మాత్రం అలాగే ఉంది.

“మెయిన్ కట్టెయ్యండి!” ఫ్యాన్లన్నీ ఆగాయి. అంకె అక్కడే ఉంది.

చివరికి చన్నీళ్లు మొత్తం బంద్ చెయ్యమన్నాను. ప్లంబరు మిద్దె ఎక్కి ట్యాంకు దగ్గరి వాల్వు కట్టేశాడు. షవర్‌లో నీళ్లు ఒక్కసారి తుపుక్కుమని, సన్నబడి, ఆగిపోయాయి. సోలార్ ట్యాంకు నిండా మరిగే నీళ్లున్నాయి, చుక్క కూడా రాలేదు. నేను అక్కడే తడి నేల మీద కూర్చుండిపోయాను.

“ఏమైందే?” అంటూ మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

“ఏం కాలేదు. బాగుంది. చాలా బాగుంది,” అన్నాను.

మామగారు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. “అయిందామ్మా నీ టెస్టింగు? ఇక నన్ను చెయ్యనిస్తావా?”

నేను పక్కకు జరిగాను. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. అన్నాళ్లూ మేం గడియ వెయ్యనిచ్చేవాళ్లం కాదు. మా ఆయన తలుపు కొట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నీళ్ల చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. పావుగంట. అరగంట. నేను పిలవలేదు. పిలవాలనిపించలేదు. మధ్యలో ఒకసారి ఆయన గొంతు సవరించుకున్నారు, అంతే.

బయటికి వచ్చినప్పుడు మామగారు తలంటు పోసుకుని ఉన్నారు. కాలిన చేతి మీద కొత్త చర్మం గులాబి రంగులో మెరుస్తోంది. తుడుచుకోవడంలో వీపు తడిగానే వదిలేసి చొక్కా వేసుకున్నారు, అది వీపుకు అంటుకుంది. తుడవడానికి ఎవరమూ లేవలేదు. దువ్వెన అడిగి తీసుకుని దువ్వుకున్నారు. ప్లంబరు అప్పటికి ఇంకా వెళ్లలేదు. అతనితో మామగారు, “ప్రెషర్ సరిపోయింది. పాస్ చేశాను,” అన్నారు. అతను నవ్వి దండం పెట్టి, లక్డారం వైపు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు మామగారు వంకాయకూర రెండోసారి వేయించుకున్నారు. తిన్నాక తన గదిలో కాకుండా హాల్లో, అందరి మధ్యా కూర్చుని పేపరు చదివారు. నాలుగింటికి వాళ్ల కార్ఖానా స్నేహితులిద్దరు వస్తామని ఫోన్ చేస్తే, “రండి, రండి, ఇంట్లోనే ఉన్నాను,” అన్నారు.

నేను పెద్దమ్మ మిద్దె ఎక్కాను. ఆమెకు ఆ ఎండలో ఒక్కతే మిరపకాయలు తిరగేస్తుంటే నడుం పట్టేసిందట. బూజు పట్టినవి ఏరి పక్కన పెట్టాం. అనుకున్నంతగా పాడవలేదు, రెండు దోసిళ్లంటే రెండు దోసిళ్లు. మిగతావన్నీ గలగలలాడుతున్నాయి.

“మీ సారు మంచిగ తానం చేసిండా?” అని అడిగింది.

“అరగంట చేశారు పెద్దమ్మా.”

“చెయ్యనియ్యి. ఎన్ని దినాలాయె పాపం.” మిరపకాయలు తిరగేస్తూనే, “నువ్వు గూడ పోయి జెర పండుకో బిడ్డా. మొకం పీక్కపోయింది,” అంది.

కిందికి వచ్చి చూస్తే మామగారు స్నేహితులతో మాట్లాడుతున్నారు. మా ఆయన వాళ్లకు టీ ఇస్తున్నారు. నాకు చెయ్యాల్సిన పనేదీ కనిపించలేదు. పైకి వెళ్లి, ఫ్యాను వేసుకుని, చెవి కింది గదివైపు పెట్టకుండా పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి సాయంత్రం ఆరయింది.